ప్రయోగశాలలో ఉపమ, వార్తలో రూపకం

వైద్యశాస్త్రం కొలతల మీద, ప్రయోగాల మీద నిలబడిందని, పోలికలు కవుల సొత్తని అనుకోవడం పరిపాటి. అయితే ఆ శాస్త్రం నిత్యం వాడే మాటలను వరుసగా పెట్టి చూస్తే వాటిలో చాలా భాగం వేరే రంగాల నుంచి అరువు తెచ్చుకున్నవేనని తెలుస్తుంది. గుండెను పంపు అంటారు, జన్యువుల్లోని సమాచారాన్ని సంకేతలిపి అంటారు, ఇన్సులిన్‌ను తాళంచెవి అంటారు, తెల్ల రక్తకణాలను సైనికులు అంటారు. ఇవి రోగికి విషయం తేలిగ్గా చెప్పడానికి పుట్టిన మాటలు మాత్రమే కావు. కంటికి కనిపించని ప్రక్రియ ఎదురైనప్పుడు పరిశోధకుడు కూడా దాన్ని ముందుగా తనకు తెలిసిన మరో వస్తువుగా ఊహించుకుని, ఆ వస్తువు గురించి అడగదగిన ప్రశ్నలనే ఈ ప్రక్రియ గురించి అడిగి, వాటికి తగిన ప్రయోగాలను రూపొందించుకుంటాడు. అందువల్ల ఒక కాలంలో చెలామణిలో ఉన్న పోలిక ఆ కాలపు వైద్యులు దేన్ని వెతికారో, కళ్ల ముందున్నా దేన్ని చూడలేకపోయారో కూడా చాలావరకు నిర్ణయిస్తుంది.

ఆలంకారికులు పోలికల్లో రెండు మెట్లను వేరుచేసి చూపారు. ముఖం చంద్రుడిలా ఉందంటే అది ఉపమ. అందులో ముఖం ముఖంగానే, చంద్రుడు చంద్రుడుగానే ఉంటారు, వాటి మధ్య దూరం చెరిగిపోదు. ముఖచంద్రుడు అంటే అది రూపకం. అందులో పోల్చిన వస్తువుకు, పోలికగా తెచ్చిన వస్తువుకు భేదం లేదని చెప్పినట్టు అవుతుంది. వైద్యానికి ఈ తేడా చాలా ముఖ్యమైనది. ప్రయోగశాలలో పోలిక ఉపమగా నిలబడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అది ఎక్కడ పొసగుతుందో, ఎక్కడ పొసగదో కొలత తేల్చి చెబుతూనే ఉంటుంది. అదే పోలిక ఆసుపత్రికి, పత్రికకు, ప్రభుత్వ ప్రకటనకు చేరేసరికి మధ్యనున్న ‘లాగా’ రాలిపోయి రూపకంగా మారుతుంది, అక్కడ దాన్ని సరిచూసే కొలత సాధారణంగా ఉండదు. వైద్యంలో పోలికలు చేసిన మేలూ కీడూ చాలావరకు ఈ మార్పును ఆశ్రయించి ఉన్నాయి.

పంట కాలువ నుంచి ప్రసరణకు

కొలత లేనప్పుడు శాస్త్రంలోనూ పోలిక రూపకంగా గడ్డకట్టుకుపోతుందనడానికి రక్తప్రసరణ చరిత్రే సాక్ష్యం. రక్తనాళాలను తోటకు నీరు పెట్టే కాలువలతో పోల్చడం అరిస్టాటిల్ కాలం నాటికే ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గేలెన్ స్థిరపరచిన వైద్యం ప్రకారం, తిన్న ఆహారం నుంచి కాలేయం రక్తాన్ని తయారుచేస్తుంది, అది సిరల గుండా అవయవాలకు పారుతుంది, అవయవాలు దాన్ని ఇంకించుకుంటాయి. పొలానికి వదిలిన నీరు నేలలో ఇంకుతుందే తప్ప తిరిగి చెరువుకు రాదు కాబట్టి, ఆ చిత్రాన్ని నమ్మినవారికి రక్తం వెనక్కి ఎలా వస్తుందన్న ప్రశ్నే తోచలేదు. పాడువా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన ఫాబ్రీసియస్ సిరల్లోని కవాటాలను స్వయంగా పరిశీలించి 1603లో గ్రంథం ప్రచురించినా, అవి కాళ్లూ చేతులూ రక్తంతో ముంపుకు గురికాకుండా ప్రవాహ వేగాన్ని తగ్గించే అడ్డుకట్టలని భావించాడు. కవాటాలు కనిపించాయి గానీ అవి రక్తాన్ని గుండె వైపు మాత్రమే పోనిస్తున్నాయన్న సంగతి కనిపించలేదు.

ఆయన వద్దనే చదువుకున్న విలియం హార్వే 1628లో ఆ చిత్రాన్ని మార్చాడు. గుండె ఒక్కో స్పందనలో బయటికి నెట్టే రక్తాన్ని తక్కువలో తక్కువగా అంచనా వేసి, దాన్ని అరగంటలో జరిగే స్పందనల సంఖ్యతో హెచ్చవేసి చూపగా, వచ్చిన మొత్తం శరీరంలో ఉండగల రక్తమంతటి కంటే ఎక్కువని తేలింది. అంత రక్తాన్ని కాలేయం అరగంటలో తయారుచేయలేదు, అవయవాలు ఇంకించుకోనూ లేవు. అందుచేత అదే రక్తం చుట్టూ తిరిగి రావలసిందే. ఇందులో గమనించదగిన విషయం ఒకటి ఉంది. హార్వే పోలికలను విడిచిపెట్టినవాడు కాదు. తన గ్రంథాన్ని రాజు మొదటి ఛార్లెస్‌కు అంకితమిస్తూ గుండెను సూర్యుడితోనూ, రాజుతోనూ పోల్చాడు. అయితే ఆయన వాదం ఆ పోలికల బలం మీద కాక లెక్క మీద నిలిచింది. ధమనులను సిరలతో కలిపే సూక్ష్మనాళాలు ఆయన కంటికి కనిపించకపోయినా, ప్రసరణ అన్న ఊహ వాటిని వెతకమని చెప్పింది. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శిని సాయంతో వాటిని చూశాడు. మంచి పోలిక తనలో ఉన్న ఖాళీని కూడా చూపించగలదు.

తాళంచెవి, తూటా

ఆధునిక ఔషధశాస్త్రానికి పునాది వేసిన పోలిక 1894 నాటిది. శరీరంలోని రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్లయిన ఎంజైములు ఒక్కొక్కటి ఒక నిర్దిష్ట పదార్థంతోనే ఎందుకు చర్య జరుపుతాయో వివరిస్తూ, జర్మన్ రసాయనవేత్త ఎమిల్ ఫిషర్ వాటిని తాళంతోనూ తాళంచెవితోనూ పోల్చాడు. రంగులు కొన్ని కణజాలాలకు మాత్రమే అంటుకోవడాన్ని గమనిస్తూ వచ్చిన పాల్ ఎర్లిక్ ఈ ఊహను వైద్యంలోకి తెచ్చి, కణాల ఉపరితలం మీద గ్రాహకాలు ఉంటాయని, రోగకారక క్రిమి గ్రాహకానికి మాత్రమే అతుక్కుని మనిషి కణాలను తాకని రసాయనం దొరికితే అది గురి తప్పని మంత్రపు తూటాలా పనిచేస్తుందని ప్రతిపాదించాడు. ఆ ఊహ ఆయనకు ఒక పని పద్ధతిని ఇచ్చింది: ఒక ఆర్సెనిక్ సమ్మేళనాన్ని తీసుకుని, దాని నిర్మాణాన్ని కొద్దికొద్దిగా మార్చుతూ, ఒక్కొక్క మార్పునూ జంతువుల మీద పరీక్షించడం. 606వ సంఖ్య గల సమ్మేళనం సిఫిలిస్ క్రిమిపై పనిచేస్తుందని 1909లో ఆయన సహచరుడు, జపాన్ శాస్త్రవేత్త సహచిరో హటా చూపించాడు. 1910లో అది సాల్వర్సాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

ప్రయోగశాలలో ‘మంత్రపు తూటా’ అన్నది పరీక్షకు నిలబడే ప్రతిపాదన. బయట అది ఒక్క దెబ్బతో రోగం పోతుందన్న వాగ్దానంగా వినిపించింది. వాస్తవానికి సాల్వర్సాన్‌ను కరిగించి ఎక్కించడం కష్టం, దుష్ప్రభావాలు తీవ్రం, ఒక్క మోతాదుతో చాలామందిలో రోగం పూర్తిగా తగ్గేది కాదు. 1912లో ఎర్లిక్ బృందమే మరింత తేలిగ్గా వాడదగిన నియోసాల్వర్సాన్‌ను తీసుకురావలసి వచ్చింది.

ఈ తాళంచెవి ఊహ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం, కణాలు విభజన చెందడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయడమే కాక, చూడటానికి అచ్చం దానిలాగే ఉండి దాని పని మాత్రం చేయని అణువులను కూడా రూపొందించింది. తాళంలో దూరుతుంది గానీ తిరగదు, అసలు తాళంచెవిని కూడా దూరనివ్వదు. ఇటువంటి దొంగ తాళంచెవులను వైద్యశాస్త్రం ప్రతిజీవక్రియా పదార్థాలుగా వర్గీకరించింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ తీవ్రమైన రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948లో ప్రకటించాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ కొన్ని క్యాన్సర్లకు, కీళ్లవాతానికి వాడుకలో ఉంది. ఇంత ఫలవంతమైన పోలికను కూడా శాస్త్రం సవరించకుండా వదలలేదు. తాళం బిగుసుకుని ఉండే వస్తువని, ఎంజైము మాత్రం తనలోకి వచ్చిన అణువును బట్టి కొంత ఆకారం మార్చుకుంటుందని 1958లో డేనియల్ కోష్లాండ్ ప్రతిపాదించాక, చేతిని బట్టి సర్దుకునే తొడుగు అన్న కొత్త ఊహ దాని పక్కన వచ్చి చేరింది.

జీవ గ్రంథం

ఇటీవలి కాలంలో ప్రజల ఆలోచనను ఎక్కువగా ప్రభావితం చేసిన పోలిక జన్యువులను రాతతో పోల్చడం. భౌతిక శాస్త్రవేత్త ఎర్విన్ ష్రోడింగర్ 1944లో ప్రచురించిన ‘వాట్ ఈజ్ లైఫ్’ అన్న చిన్న పుస్తకంలో, వంశపారంపర్య లక్షణాలు సంకేతలిపిలో రాసి ఉన్నట్టు ఉంటాయని ఊహించాడు. డీఎన్‌ఏ నిర్మాణం 1953లో తెలిశాక ఆ ఊహ కచ్చితమైన ప్రశ్నగా మారింది: అది నిజంగా లిపి అయితే, నాలుగు అక్షరాలతో 20 అమైనో ఆమ్లాలను ఎలా సూచిస్తుంది? 1961లో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిఖ్ మాథాయ్ మొదటి మాటను చదివారు. మూడేసి అక్షరాల చొప్పున ఏర్పడే 64 త్రికాల అర్థం 1966 నాటికి తెలిసిపోయింది. ఈ కృషికి నిరెన్‌బర్గ్, రాబర్ట్ హోలీలతో పాటు భారతదేశంలో పుట్టిన హరగోవింద ఖొరానా 1968లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ప్రతిలేఖనం, అనువాదం, ఎడిటింగ్ వంటి పదాలు జీవశాస్త్రంలో స్థిరపడడానికి కారణం ఈ పోలిక అంత చక్కగా పరీక్షకు నిలబడడమే.

అయితే డీఎన్‌ఏ ముక్కకూ ప్రోటీనుకూ మధ్య సరిపోయిన ఆ పోలికను మనిషి మొత్తానికి విస్తరించినప్పుడు చిక్కు మొదలైంది. మానవ జన్యుపటం తొలి ముసాయిదాను 2000 జూన్ 26న ప్రకటించినప్పుడు అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని భగవంతుడు జీవాన్ని సృష్టించిన భాషగా వర్ణించగా, పత్రికలు జీవ గ్రంథం తెరుచుకుందని రాశాయి. గ్రంథమంటే మొదటి నుంచి చివరి వరకు ముందే రాసి పెట్టినదన్న భావం పాఠకుల్లో కలగడం సహజం. వాస్తవంలో ప్రోటీన్లకు సంబంధించిన మానవ జన్యువులు అంతకుముందు చాలామంది ఊహించిన లక్షకు బదులు సుమారు 20,000 మాత్రమేనని తేలింది. ఏ జన్యువు ఏ కణంలో ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే వ్యవస్థ, తిండి, పరిసరాలు, వయసు కలిసి పనిచేయకపోతే ఆ రాతకు అర్థమే ఉండదు. మధుమేహం వంటి రోగాల్లో అనేక జన్యువులు ఒక్కొక్కటి కొద్దికొద్దిగా ప్రభావం చూపుతాయి కాబట్టి, ‘మధుమేహ జన్యువు దొరికింది’ అన్న వార్తాశీర్షిక చదివిన వ్యక్తి వ్యాయామం వల్ల ప్రయోజనం లేదని నిశ్చయించుకుంటే ఆ తప్పు పరిశోధనది కాదు, శీర్షికది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రూపకం వినగానే జనం గుడ్డిగా నమ్మేస్తారని అనుకోవడం కూడా పరీక్షించవలసిన ఊహే. జన్యువులను ఇంటి బ్లూప్రింట్‌తో పోల్చడం వల్ల జనం అంతా పుట్టుకతోనే నిర్ణయమైందని భావిస్తారని పండితులు ఆందోళన చెందుతుండగా, అమెరికా పరిశోధకురాలు సెలెస్ట్ కాండిట్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో సామాన్య పాఠకులు ఆ మాటను అంత కఠినంగా అర్థం చేసుకోవడం లేదని తేలింది. ప్లాను ఉన్నంత మాత్రాన ఇల్లు కట్టే క్రమంలో మార్పులు రావని ఎవరూ అనుకోరు. రూపకం ఫలితాన్ని ముందే ఊహించి చెప్పడం కంటే విన్నవారిని అడిగి తెలుసుకోవడం మేలని ఈ అధ్యయనం చెబుతోంది.

తనవి, పరాయివి

రోగనిరోధక శాస్త్రంలో 20వ శతాబ్దపు రెండో భాగాన్ని నడిపించిన ఊహ, శరీరం తన పదార్థాలను గుర్తుపట్టి వదిలేసి పరాయివాటిపై దాడి చేస్తుందన్నది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ ఈ ఊహను సిద్ధాంతంగా తీర్చగా, పీటర్ మెడవార్ బృందం ప్రయోగాలు దానికి బలమిచ్చాయి. 1960 నోబెల్ బహుమతి వారిద్దరికీ దక్కింది. అవయవ మార్పిడి శస్త్రచికిత్సలకు ఈ శాస్త్రం ఆధారమైంది. కానీ ‘తనవి, పరాయివి’ అన్న విభజన కొన్నిచోట్ల తడబడింది. గర్భస్థ శిశువులో సగం జన్యువులు తండ్రివి అయినా తల్లి శరీరం శిశువును తిరస్కరించదు. రోజూ తినే ఆహారం పరాయిదే. పేగుల్లో కోటానుకోట్ల బ్యాక్టీరియా జీవితాంతం నివసిస్తుంది. అమెరికా పరిశోధకురాలు పాలీ మాట్జింగర్ 1994లో ఈ ఊహను పక్కకు పెట్టి, రోగనిరోధక వ్యవస్థ పరాయితనానికి కాక ప్రమాదానికి స్పందిస్తుందని, కణాలు దెబ్బతిన్నప్పుడు వెలువడే సంకేతాలే దాన్ని మేల్కొలుపుతాయని ప్రతిపాదించారు. ఆమె సిద్ధాంతంపై వాదోపవాదాలు ముగియకపోయినా, దెబ్బతిన్న కణాలు ఏ సంకేతాలను పంపుతాయన్న ప్రశ్న పరిశోధకుల ముందుకు రావడానికి ఆ ఊహ ఎంతగానో దోహదం చేసింది.

సూక్ష్మజీవులన్నీ శత్రువులేనన్న భావన కూడా ఇలాగే సవరణకు గురైంది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ 2000లో రాసిన వ్యాసంలో, మనిషికీ సూక్ష్మజీవులకూ మధ్య సంబంధాన్ని యుద్ధంగా కాక సహజీవన వ్యవస్థగా చూడవలసిన అవసరాన్ని గుర్తుచేశాడు. ఆరోగ్యవంతుల మలం నుంచి బ్యాక్టీరియాను రోగి పేగుల్లోకి చేర్చి, యాంటీబయాటిక్స్ వల్ల విజృంభించే క్లాస్ట్రిడియం డిఫిసీల్ విరేచనాలను నయం చేసే చికిత్స 2013లో నెదర్లాండ్స్ ప్రయోగంలో యాంటీబయాటిక్ కంటే స్పష్టంగా మెరుగైన ఫలితమిచ్చింది. శత్రువును చంపడమే వైద్యమన్న ఊహలో మిగిలినవారికి ఇలాంటి చికిత్స తట్టడం కష్టం.

మంట చుట్టూ గీసిన గీత

ప్రజారోగ్య చరిత్రలో అత్యంత విజయవంతమైన పోలిక బహుశా విలియం ఫేగీది. అమెరికా వైద్యుడైన ఆయన యువకుడిగా అడవుల్లో మంటలార్పే పని చేశాడు. 1966 చివర్లో తూర్పు నైజీరియాలో మశూచి ప్రబలినప్పుడు అందరికీ వేయడానికి టీకా చాలలేదు. మంటకు ఇంధనం అందకుండా చేస్తే మంట దానంతటదే ఆరిపోతుందన్న అనుభవాన్ని ఆయన రోగానికి వర్తింపజేశాడు; రోగులున్న ఇళ్లను వెంటనే గుర్తించి, వారి చుట్టూ ఉన్నవారికి మాత్రమే టీకాలు వేయించి, వ్యాప్తిని ఆపగలిగాడు. జనాభాలో అత్యధికులకు టీకా వేయడమే మార్గమన్న అంతకుముందటి విధానానికి బదులు ఈ పద్ధతి భారతదేశంలోనూ 1970లలో అమలై, 1975 తర్వాత దేశంలో మశూచి కనిపించలేదు. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సభ భూమ్మీద మశూచి అంతరించిందని ప్రకటించింది. ఈ పోలిక ఎవరిమీదా ద్వేషం పెంచలేదు, ఎవరినీ వీరులను చేయలేదు. ఎక్కడికి పోవాలో, ఎవరికి ముందు టీకా వేయాలో మాత్రం చెప్పింది.

ఇదే రోగానికి తెలుగు నేలలో మరో అవగాహన తరతరాలుగా ఉంది. మశూచిని పెద్దమ్మవారని, ఆటలమ్మను అమ్మవారు పోయడమని పిలిచి, రోగాన్ని ఇంటికి వచ్చిన దేవతగా భావించి, రోగిని వేపాకుల మీద పడుకోబెట్టి, ఇంట్లో పోపు వేయకుండా, బయటివారిని రానీయకుండా జాగ్రత్త పడేవారు. నమ్మినవారికి ఇది పోలిక కాదు, సత్యమే. అయినా ఫలితాన్ని బట్టి చూస్తే దానికి రెండు ముఖాలున్నాయి. రోగిని విడిగా ఉంచడం వ్యాప్తిని కొంతవరకు అరికట్టి ఉండవచ్చు, రోగిని దోషిగా చూడకుండా గౌరవంగా చూసే అవకాశాన్ని ఇచ్చింది. అదే సమయంలో అమ్మవారికి కోపం వస్తుందన్న భయం చాలా చోట్ల టీకాకు అడ్డం వచ్చింది. ఒక ఊహ మంచిదా చెడ్డదా అన్నది దాని పుట్టుకను బట్టి కాక, అది మనుషుల చేత ఏమి చేయించిందో దాన్ని బట్టి తేల్చవలసి ఉంటుంది.

క్యాన్సర్‌పై యుద్ధం

క్యాన్సర్ విషయంలో యుద్ధ పరిభాష ఎంతగా స్థిరపడిందంటే దాన్ని పోలిక అని గుర్తించడం కూడా కష్టమైంది. 1971 డిసెంబర్ 23న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన జాతీయ క్యాన్సర్ చట్టం ‘క్యాన్సర్‌పై యుద్ధం’గా ప్రసిద్ధికెక్కింది. ఆ ఏడాది మొదట్లో ఆయన పరమాణువును ఛేదించిన, మనిషిని చంద్రుడి మీదికి పంపిన కృషినే క్యాన్సర్‌పైనా చేయాలని పిలుపునిచ్చారు. యుద్ధం అన్న మాట నిధులను, పరిశోధనా కేంద్రాలను సమకూర్చింది. కానీ చంద్రయానానికి కావలసిన సూత్రాలు అప్పటికే తెలుసు, క్యాన్సర్‌కు సంబంధించిన మౌలిక జ్ఞానమే అప్పటికి తక్కువ; పోలిక ఈ తేడాను కప్పిపెట్టి, త్వరలోనే విజయం తథ్యమన్న ఆశను పెంచింది.

రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందిన రచయిత్రి సుసాన్ సొంటాగ్ 1978లో ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ గ్రంథం ప్రచురించి, రోగాన్ని రోగంగా చూడకుండా దానికి అంటగట్టిన అర్థాలు రోగిని మరింత బాధిస్తాయని వాదించింది. పోరాటంగా చిత్రించిన రోగంలో చనిపోయిన వ్యక్తి ‘ఓడిపోయినట్టు’ అవుతాడు. తగ్గకపోవడం అతని గుండెధైర్యం లోపంగా ధ్వనిస్తుంది. తర్వాతి పరిశోధన ఈ వాదాన్ని కొంత బలపరచి, కొంత సవరించింది. డేవిడ్ హౌజర్, నోర్బర్ట్ ష్వార్జ్ 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో, క్యాన్సర్‌ను శత్రువుగా వర్ణించిన రాత చదివినవారిలో పొగతాగడం, మద్యం వంటివాటిని తగ్గించుకోవాలన్న ఉద్దేశం బలహీనపడింది. యుద్ధమంటే ముందుకు దూకి కొట్టడమే తప్ప తనను తాను అదుపులో పెట్టుకోవడం కాదు కదా. మరోపక్క, బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎలీనా సెమినో బృందం రోగులు, సంరక్షకులు, వైద్య సిబ్బంది మాటలతో కూడిన 15 లక్షల పదాల సంకలనాన్ని విశ్లేషించి, పోరాటం అన్న ఊహ కొందరిని కుంగదీస్తుండగా కొందరికి బలమిస్తోందని, ప్రయాణం అన్న ఊహ విషయంలోనూ అదే జరుగుతోందని చూపించింది. అందుకే ఆ బృందం ఒక పోలికను నిషేధించే బదులు, ఎవరికి నచ్చినది వారు ఎంచుకునేలా రకరకాల పోలికల సంపుటిని రోగుల కోసం తయారుచేసింది.

యుద్ధానికి బదులు మరో ఊహ చికిత్సా విధానాన్నే మార్చిన సందర్భం కూడా ఉంది. ఫ్లోరిడాలోని మోఫిట్ క్యాన్సర్ కేంద్రానికి చెందిన రాబర్ట్ గేటెన్‌బీ క్యాన్సర్‌ను పంటకు పట్టిన పురుగుతో పోల్చాడు. విపరీతంగా మందు కొడితే లొంగే పురుగులన్నీ చచ్చి, లొంగనివి మాత్రం పోటీ లేకుండా పెరుగుతాయన్నది వ్యవసాయ శాస్త్రం నేర్చుకున్న పాఠం. 1980ల చివర్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో శనగపచ్చ పురుగు ఎన్ని మందులకూ లొంగకుండా పోయినప్పుడు రైతులు ఆ పాఠానికి భారీ మూల్యం చెల్లించారు. సమగ్ర సస్యరక్షణ పురుగును పూర్తిగా తుడిచిపెట్టాలని చూడదు, నష్టం కలగని స్థాయిలో ఉంచుతుంది. గేటెన్‌బీ బృందం ఇదే సూత్రంతో, ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 11 మందికి, కణితి సూచిక సగానికి తగ్గగానే అబిరటెరోన్ మందును ఆపి, మళ్లీ పెరిగినప్పుడు మొదలుపెట్టి, మామూలు మోతాదులో సగం కంటే తక్కువ మందుతోనే రోగం ముదరడం ఎక్కువ కాలం ఆగిందని 2017లో నివేదించింది. అది చిన్న అధ్యయనమే. పెద్ద ప్రయోగాలు దాన్ని నిర్ధారించవలసి ఉంది. అయినా ఎక్కువ మందు ఇవ్వడమే ఎక్కువ పోరాటమన్న ఊహలో ఈ ప్రయోగం పుట్టేది కాదు.

రోగి నోటి మాట, ప్రభుత్వం నోటి మాట

పోలికలు వైద్యుడి నుంచి రోగికి మాత్రమే పోవు, రోగి నుంచి వైద్యుడికీ వస్తాయి. నొప్పిని కొలిచే పరికరం లేదు కాబట్టి రోగి చెప్పే పోలికే వైద్యుడికి ఆధారం. ఛాతీ మీద బండ పెట్టినట్టుందంటే గుండెకు రక్తం చాలడం లేదేమోనని, కాలిలో కరెంటు షాక్ కొట్టినట్టుందంటే నరానికి సంబంధించిందని, కడుపులో మెలిపెట్టినట్టుందంటే పేగు నొప్పి అని వైద్యుడు అనుమానించడానికి వీలవుతుంది. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి అంటూ తెలుగు ఇచ్చే సూక్ష్మమైన తేడాలు అలంకారాలు కావు, రోగ నిర్ధారణకు పనికివచ్చే సమాచారం. కెనడా శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్ 1975లో రూపొందించిన నొప్పి ప్రశ్నావళి ఇలాంటి 78 పదాలను 20 వర్గాలుగా విభజించింది. ఆయనే పాట్రిక్ వాల్‌తో కలిసి 1965లో, నొప్పి గంటకు కట్టిన తాడులా నేరుగా మెదడుకు పోతుందన్న తత్త్వవేత్త దెకార్త్ నాటి ఊహను తోసిపుచ్చి, వెన్నుపాములో నొప్పిని లోపలికి వదిలే, ఆపే ద్వారం ఉంటుందని ప్రతిపాదించగా, ఆ ఊహ నుంచే విద్యుత్ ప్రేరణతో నొప్పిని తగ్గించే చికిత్సలు అభివృద్ధి చెందాయి.

వ్యక్తిగత సంభాషణలో పోలిక తప్పితే సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది, కోట్లమందితో మాట్లాడే ప్రభుత్వానికి ఆ అవకాశం తక్కువ. 2020 మార్చిలో ప్రధాని నరేంద్ర మోదీ మహాభారత యుద్ధం 18 రోజుల్లో ముగిసిందని, కరోనాపై యుద్ధానికి 21 రోజులు పడుతుందని చెప్పారు. అప్పుడే మొదలైన లాక్‌డౌన్‌కు జనాన్ని సిద్ధం చేయడంలో ఆ పోలికకు బలముంది. కానీ యుద్ధానికి ముగింపు తేదీ ఉంటుంది, వైరస్‌కు ఉండదు. వైద్యులు, నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు కరోనా యోధులయ్యారు. యోధుడి నుంచి సమాజం త్యాగాన్ని ఆశిస్తుంది కాబట్టి, వారికి కావలసిన రక్షణ దుస్తుల ప్రశ్న ఆ గౌరవం చాటున మరుగునపడుతోందని విమర్శకులు ఎత్తిచూపారు. రోగం శత్రువైనప్పుడు రోగి శత్రువు పక్షాన ఉన్నట్టు కనిపించే ప్రమాదం కూడా ఉంది. పోరాడవలసింది రోగంతోనే తప్ప రోగితో కాదని ఫోన్ కాలర్ ట్యూన్ ద్వారా పదేపదే చెప్పవలసి రావడం, వైద్య సిబ్బందిపై దాడులను శిక్షించడానికి 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్స్ తేవలసి రావడం అప్పటి వాతావరణాన్ని తెలుపుతాయి. వీటన్నిటికీ ఒక్క పోలికే కారణమనడం అతిశయోక్తి అవుతుంది, అయితే భయాన్ని తగ్గించే పని ఆ పోలిక చేయలేదన్నది స్పష్టం.

సరిచూసే పద్ధతి

పోలికలు లేని వైద్యభాష సాధ్యం కాదు, అవసరమూ లేదు. హార్వేకు లెక్క, ఎర్లిక్‌కు జంతు ప్రయోగం, నిరెన్‌బర్గ్‌కు పరీక్షనాళిక ఉన్నట్టే ఆసుపత్రిలో వాడే పోలికకు కూడా ఒక పరీక్ష ఉండాలి. ఆ పరీక్ష నిజానికి అందుబాటులోనే ఉంది, దానికి ఖర్చూ లేదు: చెప్పినదాన్ని రోగి తన మాటల్లో తిరిగి చెప్పమని అడగడం. ఇన్సులిన్ తాళంచెవి లాంటిదని, మధుమేహంలో తాళం బిగుసుకుపోతుందని విన్న రోగి, తాళం పాడైంది గనుక ఇక నడక వల్ల, తిండి నియమం వల్ల ఉపయోగం లేదని అర్థం చేసుకున్నాడా, లేక తాళాన్ని వదులు చేసే మార్గాలు అవేనని గ్రహించాడా అన్నది అతడు తిరిగి చెబితేనే తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పరీక్ష అవసరం మరింత ఎక్కువ. వైద్యవిద్య ఇంగ్లీషులో సాగుతుంది, వైద్యం తెలుగులో జరుగుతుంది. పాఠ్యపుస్తకంలో లేని పోలికలను ప్రతి వైద్యుడూ రోగి ముందు కూర్చుని అప్పటికప్పుడు తయారుచేసుకోవలసిందే. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో సంభాషణ నైపుణ్యం నియత భాగమైంది కాబట్టి, ఏ పోలిక తెలుగు రోగులకు ఎలా చేరుతోందో వైద్య కళాశాలలే గమనించి, సరిపోయినవాటిని నిలుపుకుని, తప్పుదోవ పట్టించినవాటిని తీసివేసే పని మొదలుపెట్టవచ్చు. కొత్త మందు వందలమందిపై పరీక్షకు నిలబడాకే రోగికి చేరుతుంది. ఆ మందు గురించి చెప్పే మాటకు కనీసం ఒక్క రోగి సమాధానమైనా వినడం అధికమైన కోరిక కాదు.